తూము గోడ మీద మట్టిపెళ్ళ

లస్కరు మామ పోయిన కబురు తెలిసేసరికి నేను నరసరావుపేటలో ఒక ట్రైనింగు హాల్లో మైకు పట్టుకుని ఉన్నాను. ఎదురుగా అరవైమంది టీచర్లు. వెనక తెర మీద నేను స్వయంగా తయారుచేసిన స్లైడు, ‘తెలివిగల సమాజం నుంచి కలిసి మేలుకున్న సమాజం వైపు’ అని పెద్దక్షరాల్లో. సమాచారం ఇవ్వడానికి ఇప్పుడు ఫోను చాలు, బడి చేయవలసింది ఒకరి కష్టం పదిమందికీ పట్టేలా చేయడం, ఎవరికెంత తెలుసు అన్నది కాదు, అందరూ కలిసి దేనికి మేలుకున్నారు అన్నదే ఇకమీద కొలత అని ఊదరగొడుతున్నాను. ఊదరగొడుతున్నానని అప్పుడు అనుకోలేదు లెండి. బాగా చెబుతున్నాననే అనుకున్నాను.

బల్ల మీద ఫోను వెలిగింది. మా ఊరి వాట్సాప్ గ్రూపు. ‘మన పాత లస్కరు సాయిబు నిన్న రాత్రి మాచర్లలో కూతురింట్లో కాలం చేశారు. ఇందాకే మట్టి చేశారు.’ దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే చేతుల బొమ్మలు. ఊరు ఊరంతా క్షణాల్లో దణ్ణం పెట్టేసింది. నేనూ ఒకటి నొక్కబోయాను గానీ వేలు ముందుకు పోలేదు.

సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒక మేడం చెయ్యెత్తింది. “సార్, ఈ సామూహిక చైతన్యం అంటున్నారు కదా, మన పల్నాడులో మీరు కళ్ళారా చూసిన ఉదాహరణ ఒకటి చెప్పండి, రాసుకుంటాం.”

“మన పల్లెలు ఇంకా అంత దూరం రాలేదు మేడం,” అన్నాను. “అందుకే కదా మనకీ ట్రైనింగు.”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మనిషి విషయంలో నోరు తెరవాల్సిన సందర్భాలు నాకు రెండు వచ్చాయి. నాలుగేళ్ళ కిందట తూము దగ్గర వచ్చినప్పుడు తెరవలేదు. ఇప్పుడు తెరిచి అబద్ధం చెప్పాను.

ఆయన పేరు నాకు తెలుసు. ఊళ్ళో ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం లేరు. పెద్దవాళ్ళకి లస్కరు, పిల్లలకి సాయిబు తాత, నాబోటివాళ్ళకి లస్కరు మామ. ఆ పేరును ఇంటిపేరుతో సహా నేను ఒకే ఒక్కసారి కాగితం మీద రాశాను. అది ఆయన మీద పెట్టిన అర్జీలో. మళ్ళీ అదే చేత్తో రాయబుద్ధి కావడం లేదు.

లస్కరు అంటే కాలవ మీద షట్టర్లు ఎత్తి దించే మనిషి. సాగర్ కుడికాలువ చీలి, మళ్ళీ చీలి మా ఊరికి చేరేసరికి కుర్రాళ్ళు ఒక్క గెంతులో దాటేంత సన్నబడుతుంది. దాన్ని మైనరు అంటాం. దాని పొడవునా తొమ్మిది తూములు. మొదటి తూము కింద మా మూడెకరాలు ఉన్నాయి. తొమ్మిదో తూము నాలుగు కిలోమీటర్ల అవతల రాళ్ళగుట్ట దగ్గర. అక్కడ చేలన్నీ కౌలువే. ఈ తొమ్మిదింటి మధ్యా ఎన్ని తలలు పగలాలో అన్నీ మా నాన్న రోజుల్లో పగిలాయంటారు. లస్కరు మామ వచ్చిన తరవాత ఒక్క తలా పగలలేదు. ఆ సంగతి మేం ఆయన ఊరొదిలి పోయాక గానీ గమనించలేదు.

ఆయన్ని తలుచుకుంటే నాకు మొహం కంటే ముందు పాదాలు గుర్తొస్తాయి. వెడల్పాటి పాదాలు, వేళ్ళు ఒకదానికొకటి ఎడంగా, మడమలు బీటలు తీసి. చెప్పులు ఉండేవి. అవి ఎప్పుడూ సైకిల్ హ్యాండిలుకి వేలాడుతుండేవి. కాలవ గట్టు ఎక్కేముందు విప్పి తగిలించేవాడు, ఊళ్ళోకి దిగాక వేసుకునేవాడు. “ఎండకి మాడిపోతున్నావు, వేసుకోరాదా మామా,” అని అడిగితే, “చెప్పులేసుకుంటే గట్టు యాడ చెమ్మగిల్లిందో తెలవదల్లుడూ,” అనేవాడు. “ఇయ్యాల చెమ్మ, రేపు గండి. కంటికి కనపడేసరికే ఆలస్యమైపోయిద్ది. కాలికి ముందు తెలిసిద్ది.”

నన్ను అల్లుడూ అనేవాడు. మా ఇంటి ముందు నుంచి పోతూ సైకిల్ దిగకుండా ఒంటికాలి మీద ఆపి, “ఏందల్లుడూ, ఇయ్యాల ఎంతమందికి సున్నాలు చుట్టావు?” అని కేకేసేవాడు. నేను హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. “నువ్వు నా క్లాసులో లేవు గదా మామా, లేకపోతే మొదటి సున్నా నీదే,” అనేవాణ్ణి. మా ఆవిడ టీ ఇచ్చేది. టీ అయినా మంచినీళ్ళయినా ఆఖరి గుక్క తాగేవాడు కాదు. వంగి మా మల్లెచెట్టు మొదట్లో పోసేవాడు. “చివరి గుక్క చివరోడిది,” అనేవాడు. మా ఆవిడ ఆ చెట్టుకి పూలెక్కువ రావడానికి అదే కారణమని నమ్మేది. నేను దానికీ ఎగతాళి చేసేవాణ్ణి, టీలో ఉండే పదార్థాల గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి.

ఆయన నోట ‘నాకు తెలుసు’ అన్న మాట నేను వినలేదు. నీటి తగాదా ఏదొచ్చినా, ఎవరు ఎంత గొంతు పెంచినా, ఒకటే మాట. “చూసొద్దాం పా.” అవతలి వాడు అరుస్తుండగానే ముందు నడిచేవాడు. వెనకాల వాడూ నడవక తప్పేది కాదు. నడిచి, చూసి, తిరిగొచ్చేసరికి తగాదాకి ఊపిరి ఉండేది కాదు.

ఆ ‘చూసొద్దాం’లోంచే ఆయన పెట్టిన పద్ధతి పుట్టింది. దాని గురించే చెప్పాలి.

నీళ్ళు తక్కువ ఏడాదుల్లో కాలవకి వంతులు పెడతారు. కొన్ని రోజులు వదిలి, కొన్ని రోజులు కట్టేస్తారు. వదిలే రోజు పొద్దున్నే మొదటి తూముల రైతుల్లో ఒకరు తొమ్మిదో తూము దాకా నడిచి పోవాలి. ఆఖరి చేలోంచి ఒక మట్టిపెళ్ళ తీసుకుని, మళ్ళీ నడిచి వచ్చి, మొదటి తూము గోడ మీద పరిచిన నాపరాయి మీద పెట్టాలి. అప్పుడు నీళ్ళు వదిలితే అవి పైవాళ్ళకి కాదు, తిన్నగా చివరికి పోతాయి. పై షట్టర్లన్నీ మూసే ఉంటాయి. చివరి చేను తడిశాక ఆ చేను మనిషి గుప్పెడు తడిమన్ను తెచ్చి ఆ పెళ్ళ పక్కన పెడతాడు. ఎండుపెళ్ళ పక్కన తడిముద్ద చేరాకే మొదటి తూము షట్టరు లేస్తుంది. గంటలు లేవు, గడియారం లేదు. ఏడాదికొక ఇంటివాళ్ళు పోయి పెళ్ళ తేవాలి, అంతే.

“పైవాళ్ళు ఒప్పుకోవడమేంటి మామా, నీళ్ళు కళ్ళముందే పోతుంటే?” అని అడిగాను ఒకసారి.

“చూసొచ్చినోడు అరవలేడల్లుడూ,” అన్నాడు. “తెలిసినోడు ఊరికి ఒక్కడుంటే సరిపోదు. అందరి కాళ్ళకీ తెలవాలి.”

మా నాన్న పోయిన మరుసటి ఏడాది పెళ్ళ తెచ్చే వంతు మా ఇంటికి వచ్చింది. పోయాను. బండి మీద పోదామనుకుంటే మామ కుదరదన్నాడు. ఎండలో నాలుగు కిలోమీటర్లు తిట్టుకుంటూ నడిచాను. ఆఖరి చేను కోటమ్మక్కది. మొగుడు లేడు, కొడుకు లారీ మీద తిరుగుతుంటాడు. రెండెకరాల కౌలుకి మిరప వేసి ఒక్కతే పడుతుండేది. ఆమె గడ్డపలుగుతో ఒక పెళ్ళ లేపి ఇచ్చింది. ఇటుకలాగా ఉంది. ప్లాస్టిక్ కవర్లో వేసుకుని తూము దగ్గరికి తెచ్చాను. లస్కరు మామ కవరు తీసి పెళ్ళని నా చేతిలో పెట్టాడు.

“మళ్ళీ తొమ్మిదో తూము దాకా పోయి, చేత్తో పట్టుకోని రా అల్లుడూ.”

“మామా, ఇంత దూరం తెచ్చాను గదా!”

“నువ్వు యాడ తెచ్చావు, కవరు తెచ్చింది. తెలిస్తే దానికే తెలిసుంటది.”

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా పోయాను. తిరిగొచ్చేసరికి పెళ్ళ అంచులు నా చెమటకి కరిగి అరచేతిలో ఎర్రటి గీతలు పడ్డాయి. ఆ వంతులో మా చేనుకి రెండు రోజులు ఆలస్యంగా నీళ్ళొచ్చాయి. ఎందుకో గానీ, ఆలస్యమేంటని అడగబుద్ధి కాలేదు. అడగకపోవడం ఆ ఒక్క ఏడే.

నాలుగేళ్ళ కిందట డ్యాములో నీళ్ళు బాగా తగ్గాయి. ఈసారి వంతుకి ఆరు రోజులే అన్నారు. పైరైతులకి గుండెల్లో రాయి పడింది. చివరి నుంచి తడుపుకుంటూ వస్తే మనదాకా వచ్చేసరికి ఆరు రోజులూ అయిపోతాయని, నీటి సంఘం పెద్ద నలుగుర్ని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. వరసకి నాకు బాబాయి. “నువ్వు చదువుకున్నోడివి, లెక్కల్లో పులివి. ఆ పెళ్ళలూ ముద్దలూ కాదు గానీ పద్ధతిగా ఎవరికెన్ని గంటలో లెక్క తీసి పెట్టు,” అన్నాడు.

పులినని నన్ను అంతకుముందు ఎవరూ అనలేదు. ఆ సాయంత్రమే మొదటి తూము దగ్గర వేపాకు నీళ్ళలో వదిలి, వాచీ పట్టుకుని వేగం కొలిచాను. కాలవ వెడల్పు, లోతు, ఎకరాలు అన్నీ వేసి నిమిషాలతో సహా పట్టిక తయారుచేశాను. మొదటి తూము నుంచి వరసగా. రంగులు కూడా వేశాను. కోటమ్మక్క వంతుకి ఏడు గంటలు వచ్చాయి. ఇక ఎవరూ ఎక్కడికీ నడవక్కర్లేదు, అందరికీ గ్రూపులో సమాచారం వస్తుంది, ఇబ్బంది ఉంటే అక్కడే చెప్పవచ్చు అని రాశాను. లోకల్ పేపర్లో నా ఫోటో వేసి, నీటి తగాదాలకు మాస్టారి లెక్కతో పరిష్కారం అని రాశారు. మా ఆవిడ దాన్ని లామినేషన్ చేయించింది.

లస్కరు మామకి పట్టిక ఇస్తే రెండు చేతులతో పట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. తూము దగ్గర పదిమందిమి ఉన్నాం.

“కాయితం చానా బాగుందల్లుడూ. కాలవ వంతు యాడ రాశావు?”

“కాలవకి వంతేంది మామా?”

“దానికీ దాహం ఉంటది గదా. నాలుగు కిలోమీటర్లు తాగుకుంటా పోయిద్ది. ఎలుకబొక్కలకి కొంత, తుంగకి కొంత. అయన్నీ తాగంగా మిగిలిందే కోటమ్మకి.”

అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేను. ఆయన నొచ్చుకోలేదు. “చూసొద్దాం పా,” అన్నాడు.

“చూసేదేముంది మామా, లెక్కుంది గదా,” అన్నాను.

మొదటి వంతు పట్టిక ప్రకారం నడిచింది. గ్రూపులో ఒక్క ఫిర్యాదూ రాలేదు. రాలేదు కాబట్టి అందరికీ అందిందనుకున్నాం. గ్రూపులో కోటమ్మక్క తరఫున ఉన్నది కొడుకు నంబరు. ఆ అబ్బాయి అప్పుడు ఏ రాష్ట్రంలో లారీ తోలుతున్నాడో ఎవరికీ తెలియదు. ఆమె చేతిలో ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను. ఇది నాకు తెలియనిది కాదు. అప్పటికి గుర్తు రాలేదు, అంతే.

రెండో వంతుకి ముందురోజు లస్కరు మామ మా గేటు దగ్గర సైకిల్ దిగాడు. ఆయన సైకిల్ దిగడం అదే మొదటిసారి. చేతిలో ఎండుపెళ్ళ. “ఈసారి ఎవరూ పోలేదు గదా, నేనే తెచ్చా. చూడల్లుడూ, ఇది ఏడు గంటలు నీళ్ళు తాగిన మట్టేనా?”

“బడికి టైమైంది మామా,” అన్నాను.

బడికి పోయాను గానీ మనసు పోలేదు. మధ్యాహ్నం సెలవు పెట్టి బండి మీద తొమ్మిదో తూము దాకా వెళ్ళాను. బండి తాళంచెవితో కోటమ్మక్క చేలో గుచ్చి చూశాను. వేలి లోతు కూడా దిగలేదు. మిరప ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి, పూత నేల మీద ఉంది. ఆమె అవతలి గట్టున ఒంగి కలుపు తీస్తోంది. నన్ను చూడకముందే బండి తిప్పేశాను.

తప్పు ఎక్కడుందో ఇంటికి చేరకముందే తెలిసిపోయింది. మొదటి తూము దగ్గర కొలిచిన నీటినే తొమ్మిదో తూము దాకా వేసుకుంటూ పోయాను. దారిలో పోయే నీళ్ళు తీసెయ్యలేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు చేస్తే చెవి మెలేసేవాణ్ణి. గ్రూపులో ఒక్క వాక్యం పెడితే సరిపోయేది. ‘లెక్కలో పొరపాటు జరిగింది, ఈసారికి పాత పద్ధతిలోనే పోదాం.’ రాశాను కూడా. ఎదురుగా గోడ మీద లామినేషన్ చేసిన ఫోటోలో నేను నవ్వుతున్నాను. రాసింది చెరిపేశాను.

నీళ్ళొచ్చాయి. రెండోరోజు లస్కరు మామ మొదటి మూడు తూముల షట్టర్లు గంటలు పూర్తికాకముందే దించేసి, నాపరాయి మీద ఆ ఎండుపెళ్ళ పెట్టి, షట్టరు తిప్పే ఇనపకీ ఒళ్ళో పెట్టుకుని గోడ మీద కూర్చున్నాడు. పైరైతులు చుట్టుముట్టారు. కీ లాక్కోబోయారు. నానామాటలూ అన్నారు. ఆయన కదల్లేదట. “చివర తడిసిందాకా ఈ కీ ఇయ్యను. అనుమానంగా ఉంటే పాండి, చూసొద్దాం,” అన్నాడట. ఒక్కరూ పోలేదు.

ఆ సాయంత్రం బాబాయి మళ్ళీ మా ఇంటికొచ్చాడు, అర్జీ రాయమని. రాశాను. చదువుకున్నవాడి చేతిరాత కదా, బరువుంటుందన్నాడు. ‘శాస్త్రీయంగా రూపొందించిన పట్టికను ఉల్లంఘించి, ఇష్టారాజ్యంగా షట్టర్లు దించి’ అని రాశాను. ‘ఇష్టారాజ్యంగా’ ఎవరూ అడగలేదు. వాక్యం బాగుంటుందని నేనే చేర్చాను. ఆయన నికరమైన ఉద్యోగి కూడా కాదు, రోజుకూలీ మీద పెట్టుకున్న మనిషి. ఒక్క అర్జీ చాలునని నాకు తెలుసు.

మూడోరోజు పొద్దున విచారణకి ఆఫీసరు వస్తున్నాడన్నారు. అందరికంటే ముందు నేను తూము దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో నాకు నేను చెప్పుకోలేదు. నాపరాయి మీద ఎండుపెళ్ళ ఉంది. దాని పక్కన గుప్పెడు తడిమన్ను. ఇంకా నీటిజిగి పోలేదు. పైన నాలుగు వేళ్ళ అచ్చులు. కోటమ్మక్క తెల్లారకముందే నడిచొచ్చి, ఎవరూ చెప్పకుండానే పద్ధతి ప్రకారం పెట్టి, కూలికి పోయినట్టుంది.

ఆ రెండూ పక్కపక్కన ఉంటే మా ఊళ్ళో అక్షరం రానివాడు కూడా చదివేస్తాడు. పట్టిక ప్రకారం పది రోజుల కిందటే తడిసి ఉండాల్సిన చేను ఇప్పుడే, ఈ ముసలాయన కీ పట్టుకుని కూర్చుంటేనే తడిసిందని. అటూ ఇటూ చూశాను. లస్కరు మామ అల్లంత దూరాన గట్టు దిగి, నాకు వీపు పెట్టి మొహం కడుక్కుంటున్నాడు. నేను చెయ్యి చాపి ఎండుపెళ్ళనీ తడిమన్నునీ రెంటినీ ఒక్క తోపుతో కాలవలోకి నెట్టాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.

ఆఫీసరు వచ్చాడు. నలభై మంది పోగయ్యారు. “పట్టిక ప్రకారం ఎందుకు నడపలేదు?” అని అడిగాడు.

లస్కరు మామ తూము గోడ వంక చూశాడు. రాయి మీద తడిమచ్చ మాత్రం ఉంది. తరవాత నా వంక చూశాడు. కోపంగా చూసి ఉంటే నేనీపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణేమో. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్లవాణ్ణి నేను ఎలా చూస్తానో, అలా చూశాడు. ఎత్తుతాడేమోనని. నేను నా బూట్ల వంక చూసుకున్నాను.

“లెక్క కరెక్టే సార్,” అన్నాడు. “మా సారు తప్పు రాయడు. నేనే ఆగలేకపోయా.”

అంతే. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. ఆ వారంలోనే కీ ఇంకొకరి చేతికి పోయింది. కోటమ్మక్కకి ఆ ఒక్క తడే దక్కింది. సగం పంట పోయింది. నా పట్టిక మాత్రం నాలుగేళ్ళుగా నడుస్తోంది. చివరి రెండు తూముల కింద ఎవరూ మిరప వేయడం లేదు. కందో కంపో పెరుగుతోంది. కోటమ్మక్క మాత్రం మొండిది, ఒక అరెకరం వేస్తూనే ఉంది.

మాచర్ల పోయే ముందురోజు లస్కరు మామ మా ఇంటికొచ్చాడు. నేను బయటికి రాకుండా ఉందామనుకున్నాను. మా ఆవిడ అప్పటికే టీ ఇచ్చేసింది. తాగి, ఆఖరి గుక్క మల్లెచెట్టుకి పోసి, “లెక్కలు చెప్పడం మానమాకల్లుడూ,” అన్నాడు. చెప్పులేసుకుని నడుచుకుంటూ పోయాడు. సైకిల్ అప్పటికే అమ్మేశాడట. నాలుగేళ్ళలో మాచర్ల నేను పదిసార్లైనా పోయి ఉంటాను, పనుల మీద. ఆ వీధి వైపు ఒక్కసారీ తిరగలేదు.

ట్రైనింగు నుంచి తిన్నగా మాచర్ల బస్సెక్కాను. అక్కడికి చేరేసరికి సాయంత్రమైంది. ఆయన కూతురు మిషను కుట్టి బతుకుతుంది. గుడ్డలన్నీ ఒక మూలకి తోసేసి, చాప మీద నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

“లెక్కల సారు గదా మీరు. నాయన మీ గురించి చానా చెప్పేవాడు.”

“ఏం చెప్పేవాడమ్మా?”

ఆమె దాచలేదు. “తూము కాడ పెళ్ళని మీరు కాలవలోకి నెట్టారంట గదా. మొహం కడుక్కుంటా, పొద్దుటెండకి నీళ్ళ మీద పడ్డ మీ నీడ చూశాడంట.”

చాప మీద ఆడవాళ్ళు నా వంక చూశారు.

“అప్పుడే ఎందుకు చెప్పలేదు నాయనా అని నేను పోట్లాడినా సారూ. బళ్ళో అంతమంది పిల్లలు ఆయన చెప్పే లెక్కని నమ్ముకోని ఉన్నారు, అందరి ముందు ఆయన లెక్క తప్పంటే రేపు ఆ పిల్లలు ఎవర్ని నమ్మాల అన్నాడు. అయినా ఆ పెళ్ళ పడింది కాలవలోనే గదా, చివరికే పోయిద్దిలే అన్నాడు. అల్లుడు ఎప్పుడో ఒకప్పుడు తనే పోయి చూసొస్తాడు అని అనుకునేవాడు.” ఆమె కళ్ళు తుడుచుకుంది. మామూలుగా, ఊరి కబురు అడిగినట్టు అడిగింది. “చూసొచ్చారా సారూ?”

చూశానమ్మా, చూసే చేశాను అనాలి. “లేదమ్మా,” అన్నాను. ఆ ఇంట్లో కూడా అబద్ధమే చెప్పాను. ఆమె మంచినీళ్ళిచ్చింది. ఆఖరి గుక్క దగ్గర గ్లాసు ఆగింది. పోయడానికి ఆ వాకిట్లో మొక్క లేదు, సిమెంటు గచ్చు. గ్లాసు అలాగే కింద పెట్టి వచ్చేశాను.

మర్నాడు మా మైనరుకి నీళ్ళు వదిలే రోజు. పొద్దున్నే మొదటి తూము దగ్గర చెప్పులు విప్పి నడిచాను. బడిపంతులు పాదాలు, ప్రతి గులకరాయీ తగిలింది. కోటమ్మక్క చేలో ఉంది. ఎండు కాయలు ఏరుతోంది.

“ఏంది సారూ, దోవ తప్పావా?”

చెప్పాను. తాళంచెవి గుచ్చి చూసిన సంగతి, అర్జీ, నెట్టెయ్యడం, అంతా. ఆమె కాయలు ఏరడం ఆపలేదు.

“నాకు చెప్తే ఏమొచ్చిద్ది? నాకు తెలవదా? ఆ మన్ను పెట్టింది నేనేగా. మాపటికి పోయి చూస్తే ఎండుపెళ్ళా లేదు, తడిమన్నూ లేదు, లస్కరూ లేడు.” నడుం నిలబెట్టుకుని నా వంక చూసింది. “ఆయన పోయినాక నా కాడికి వచ్చి ఒప్పుకుంటే నీ బరువు నాకెత్తినట్టే గదా. నేను మొయ్యను. ఆడ చెప్పు, తూము కాడ. అందరికీ చెప్పు.”

గడ్డపలుగు తీసుకుని ఒక పెళ్ళ లేపింది. “ఇంద.”

అలవాటు కొద్దీ జేబులోంచి రుమాలు తీశాను. ఆమె దాని వంక చూసింది. రుమాలు లోపల పెట్టేసి పెళ్ళని చేత్తో పట్టుకున్నాను.

ఎనిమిదో తూము దగ్గర ఒకాయన కంప కొడుతున్నాడు. “ఏంది మాస్టారూ, చేతిలో?” అని అడిగాడు. మొత్తం చెప్పాను. ఆయన విని, మళ్ళీ కంప కొట్టడంలో పడ్డాడు. ఏడో తూము దగ్గర ఇద్దరు అడిగారు. అయిదో తూము దగ్గర నా దగ్గర చదువుకున్న అబ్బాయి. వాడికి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. “మరి అప్పుడు చెప్పలేదేంది సార్?” అన్నాడు. చెప్పేకొద్దీ బరువు తగ్గుతుందనుకున్నాను గానీ తగ్గలేదు. ప్రతి తూము దగ్గరా మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ప్రతిసారీ ‘ఇష్టారాజ్యంగా’ దగ్గర నాలుక తడబడింది.

మొదటి తూము దగ్గర బాబాయి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, చేతిలో నా పట్టిక. నేను నాపరాయి మీద పెళ్ళ పెట్టాను.

“మళ్ళీ ఈ పెళ్ళలేంది? లెక్కుంది గదా,” అన్నాడు.

“ఆ లెక్క తప్పు బాబాయ్. మొదటిరోజు నుంచీ తప్పే. నాకు అప్పుడే తెలుసు.” మిగిలిందంతా అక్కడున్న అందరికీ వినపడేలా చెప్పాను. చెప్పి, “చూసొద్దాం పా,” అన్నాను. ఆ మాట నా నోట్లో అతకలేదు.

బాబాయి పట్టికని నాలుగు మడతలు పెట్టాడు. “ఇది ఆ ముసలాయన బతికుండగా చెప్పాల్సిన మాట,” అన్నాడు. లేచి, కుర్చీ అక్కడే వదిలేసి ఊళ్ళోకి నడిచాడు. కొందరు ఆయన వెంట పోయారు, కొందరు పోలేదు. షట్టరు ఎత్తాలో దించాలో ఎవరూ చెప్పలేదు.

నీళ్ళు మధ్యాహ్నానికి వస్తాయి. అందాకా నేను పెళ్ళ పక్కనే కూర్చున్నాను. ఎవరూ చూడకుండా ఒక్క తోపు తోసేవాళ్ళు ఉంటారు. నాకు తెలుసు.